తొంభై చెవి, ఎనభై పిన్ను

నమోదు 41

ఇవాళ మళ్ళీ బుష్ వదులుగా కూర్చుంది. నిన్న నా లేత్ మీద, నా చేతులతో, బకెట్ చెవికి సరిపడా తిప్పిన బుష్ అది. నిన్న సుత్తి దెబ్బలు పడితే గానీ లోపలికి పోలేదు. ఇవాళ బొటనవేలితో నొక్కితే పోయింది. ఇనుము రాత్రికి రాత్రి చిక్కిపోదు. పెద్దదైంది చిల్లే. చిల్లు ఊరికే పెద్దదవదు కాబట్టి, మేం లేనప్పుడు ఆ బకెట్‌ని ఎవరో వాడుతున్నారు.

ఇది చదివే పెద్దలకు తెలిసిందే అయినా, ఫిట్టర్ ప్రతిదీ రాయాలని నియమం ఉంది కనుక రాస్తున్నాను. మట్టి తవ్వే ప్రొక్లెయినర్లు మా తూర్పు గట్టున ఉంటాయి. వాటికి తగిలించే బకెట్లు ఉప్పుటేరు అవతల పడమటి గట్టున ఉంటాయి. బకెట్‌ని పట్టే మా మిషన్ల పిన్నులు ఎనభై మిల్లీమీటర్లు. వాళ్ళ బకెట్ చెవుల చిల్లులు తొంభై. రెండూ కలవాలంటే మధ్యలో బుష్ పడాలి. అది చూడటానికి మందపాటి గొట్టం ముక్క, బయట తొంభై, లోపల ఎనభై. పొద్దున్న చెవిలోకి బుష్ కొట్టాలి, సాయంత్రం పీకాలి, పీకినవాటిని రెండు తాళాల పెట్టెలో పెట్టాలి. ఒక తాళంచెవి నా మెడలో ఉంటుంది. రెండోది పడమటి ఫిట్టర్ పేరయ్య మెడలో ఉంటుంది.

ఇంత తంటా ఎందుకని మా వీధి పిల్లలు అడుగుతుంటారు. సముద్రం లోపలికి వచ్చాక మిగిలిన నేల ఈ రెండు గట్ల వెనకే ఉంది. పెద్ద పోటు వచ్చినప్పుడు అవతలి గట్టు తెగితే నీళ్ళు అటు పోయి ఇవతలి గట్టు బతుకుతుంది. అందుకని ఒకప్పుడు ఒకరి గట్టుకి ఒకరు మిషన్లతో గండ్లు కొట్టుకున్నారు. మా అక్క అలాంటి గండిలోనే కొట్టుకుపోయింది. ఆ తర్వాతే ఒడంబడిక రాసి మిషన్లు ఒకరికి, బకెట్లు ఒకరికి పంచారు. కలిసి తప్ప ఎవరూ తవ్వకూడదు. ఆ ఏర్పాటుకి నేను రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

అందుకే ఆ చిల్లు సంగతి నాకు నచ్చలేదు.

నమోదు 43

కొత్త బుష్ తిప్పాను. ఈసారి అర మిల్లీమీటరు లావు. ఐసు పెట్టెలో పెట్టి, ఏరు దాటించే పంటు మీద తీసుకెళ్ళాను. చల్లబడితే బుష్ కాస్త చిక్కుతుంది, చెవిలో దిగాక మళ్ళీ ఒళ్ళు చేసి బిగుసుకుంటుంది.

చెవి చిల్లు దగ్గర వేలు పెడితే గ్రీజు అంటుకుంది. కొత్త గ్రీజు. అది మేం పూసింది కాదు.

"ఇదెవరు రాశారండీ?" అని పేరయ్యని అడిగాను.

ఆయనకి అరవై దాటాయి. ఎడమ చెయ్యి భుజం దాకా కాలిన మచ్చ. మాట మాత్రం వెన్న పూసినట్టుంటుంది, నాకు మొదటినుంచీ పడనిదీ అదే.

"నేనేనమ్మాయ్. తుప్పు పట్టేత్తందని."

"పొద్దున్న మనిద్దరం కలిసి కదా తెరవాలి బకెట్ల షెడ్డు. ముందే ఎలా వెళ్ళారు?"

"ముందెల్లలేదు. నిన్న సాయంత్రం నువ్వు పెట్టె మొయ్యడానికి ఎల్లినప్పుడు రాశాను."

జవాబు ఠక్కున వచ్చింది. ముందే సిద్ధం చేసుకున్న జవాబులే అలా వస్తాయి. ఇద్దరం కలిసి చిల్లు కొలిచాం. చెవి మీద ఒక గాటు పెట్టి ఉంటుంది. వెర్నియర్‌ని ఆ గాటు దగ్గర ఆనించి, నిట్టనిలువుగా ఒక్కచోటే కొలవాలి. తలా ఒక పక్క కొలిచి తలా ఒక అంకె చెప్పి తన్నుకోకుండా పెద్దలు పెట్టిన పద్ధతి ఇది. మంచి పద్ధతి. గాటు దగ్గర తొంభై ఒకటిన్నర చూపించింది. ఆయన కూడా చూసి తలూపాడు. ఆశ్చర్యపోనే లేదు మహానుభావుడు.

నమోదు 46

ఇవాళ ప్రాణం పోయినంత పనైంది. పడమటి గట్టు మెత్తబడిన చోట మట్టి పోస్తున్నాం. మిషన్ నడిపేది మావాడే, కోటిలింగం. నిండు బకెట్ పైకెత్తి తిప్పుతుండగా వదులుగా ఉన్న బుష్ పగిలింది. బకెట్ ఒక్క చెవి మీద వేలాడి, అందులోని మట్టంతా నేను నిలబడ్డ చోటికి రెండడుగుల దూరంలో పడింది. కోటిలింగం కేబిన్లోంచి దూకి వచ్చాడు.

"నూకరత్నం, బతికే ఉన్నావా? ఏం బుష్షులు చేత్తన్నావే తల్లీ! బిస్కెట్లా విరిగిపోయింది!"

"బుష్ మీద పడతావేంటి? చిల్లు చూడు. దాన్ని ఎవరో నమిలేస్తున్నారు."

"ఎవరు?"

పేరయ్య వినేటంత దూరంలోనే ఉన్నాడు. కళ్ళతోనే షెడ్డు వెనక్కి చూపించాను. అక్కడ టార్పాలిన్ కప్పిన పెద్ద దిబ్బ ఒకటి ఉంది. పోయిన నెల లేదు. ప్రొక్లెయినర్ అంత పొడుగుంటుంది. బురదలో కూరుకుపోయిన పాత మిషన్ ఒకదాన్ని వీళ్ళు తవ్వి తీసి బాగుచేసుకుంటే? లేత్ వాళ్ళకీ ఉంది. నా బుష్ కొలతలు పేరయ్యకి నోటికి వచ్చు. ఇక కావలసిందేముంది?

నీళ్ళ వంకతో అటు నడవబోయాను. పేరయ్య చేతులు అడ్డం పెట్టాడు.

"అటు కాదమ్మాయ్, అటు బురద. కుండ ఇటుంది."

బురదట. ఉప్పుటేటి ఒడ్డున పుట్టినదాన్ని నేను, బురదకి భయపడతానా!

నమోదు 47

సాయంత్రం చెవిలోంచి బుష్ ఊడి రాలేదు. చెవిని గ్యాస్ మంటతో కాచి, డ్రిఫ్ట్ కడ్డీ పెట్టి, ఇద్దరం వంతులేసుకుని సుత్తితో కొట్టాం. అది ఊడి కింద పడేసరికి నా భుజం పోటు పెట్టేసింది. పేరయ్య కూలబడి, చెమట తుడుచుకుని, నేల వైపు చూస్తూ అన్నాడు.

"అమ్మాయ్, ఓ మాట చెప్తాను, కోప్పడకు. రోజూ పీకడం మానేద్దాం. చెవిలోనే ఉండనిద్దాం."

అన్ని రోజుల గ్రీజు, వెన్నపూస మాటలు, అడ్డం పెట్టిన చేతులు, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. బుష్ చెవిలో ఉండిపోతే వాళ్ళ బకెట్ మిషన్‌కి సిద్ధంగా ఉన్నట్టే. ఆ టార్పాలిన్ కింద ఉన్నది బయటికి రావడమే తరువాయి.

"ఎందుకండీ?" అన్నాను, గొంతు మామూలుగా పెట్టి.

ఆయన నా మొహం చూశాడు. ఏం కనిపించిందో గానీ, "ఏం లేదులే. ముసలోణ్ణి, చేతులు నొప్పెట్టి అన్నాను," అని లేచాడు.

ఆయన మాటని అక్షరం పొల్లు పోకుండా మా గట్టు పెద్ద వర్ధనమ్మ గారికి చెప్పాను. పక్క కూడా తిరగకుండా నిద్రపోయాను.

నమోదు 48

ఒడంబడిక ప్రకారం బుష్షుల పెట్టెని దింపడానికి పేరయ్య మా ఒడ్డుకి వచ్చాడు. వర్ధనమ్మ గారి మనుషులు ఆయన్ని పట్టుకుని వలల కొట్లో పెట్టారు. మెడలో తాళంచెవి తీసుకున్నారు. ఆయన గొడవ చేయలేదు. నా వైపు మాత్రం ఒకసారి చూశాడు. కోపంగా చూసి ఉంటే నాకు హాయిగా ఉండేది.

"పున్నమి పోటు దగ్గరకొచ్చేసిందమ్మాయ్," అన్నాడు. "ఆ మెత్తటి చోట మట్టి ఇంకా సగమే పడింది."

"అదంతా పెద్దలు చూసుకుంటారు," అన్నాను.

"మా ఇల్లు దానెనకాలే."

నమోదు 49

మిషన్ పంటు ఎక్కలేదు. ఒక ఫిట్టర్ కొట్లో ఉన్నాడు కాబట్టి బుష్ కొట్టడానికి వీల్లేదు, కాబట్టి పని లేదు. వాళ్ళ గట్టు నుంచి రెండు పడవలు వచ్చి బతిమాలి వెళ్ళాయి. కొత్త ఫిట్టర్‌ని పంపుతామన్నారు. వర్ధనమ్మ గారు విచారణ అయ్యేదాకా కుదరదన్నారు.

నేను మెషీన్ షాపు మెట్ల మీద కూర్చుని ఉండగా ఆవిడే వచ్చారు. నా వీపు మీద చెయ్యి వేశారు. ఆవిడ అలా ఎప్పుడూ వేయరు.

"మంచి పని చేశావు రత్నం. సరిగ్గా పోటు ముందు చేశావు."

"ముందైతే ఏంటండీ?"

"ఈ పున్నమికి నీళ్ళు బాగా వస్తయ్యన్నారు. మన గట్టు ఆగుద్దో లేదో అని నాకు నిద్ర లేదు. అటేపు తెగిందనుకో, మనకి దిగులుండదు. మనం ఏ పాపం చెయ్యలేదు కదా. మిషన్ పంపలేదు, అంతే."

ఆవిడ వెళ్ళిపోయారు. మా అక్కని ముంచినవాళ్ళు గండి కొట్టారు. మేం కొట్టక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు. దానికి కావలసిన సాకు నేనే తయారుచేసి ఇచ్చాను, బుష్ తిప్పినంత శ్రద్ధగా.

అయినా పేరయ్య మీద అనుమానం పోలేదు. రెండు గట్ల వాళ్ళూ దొంగలు కావచ్చు. ఆ టార్పాలిన్ కింద మిషన్ ఉంటే నేను చెప్పింది నిజం, ఇక పోటు సంగతి పోటు చూసుకుంటుంది. లేకపోతే? నా కళ్ళతో చూడాలి.

నమోదు 50

చేపల పడవలో అవతలికి వెళ్ళాను. ఎవరూ ఆపలేదు. ఆపడానికి మనుషులు లేరు, అందరూ మెత్తటి చోట తట్టలతో మట్టి మోస్తున్నారు. ముసలమ్మలు కూడా మోస్తున్నారు.

టార్పాలిన్ లేపాను. కింద పడవలు ఉన్నాయి. తలుపు చెక్కలతో, మంచం పట్టెలతో, బడి బెంచీలతో చేసిన పడవలు. ఒకదానిలో అప్పుడే వంట గిన్నెలు సర్దేసి ఉన్నాయి. గట్టు నిలబడుతుందన్న నమ్మకం పోయి, పారిపోవడానికి చేసుకుంటున్నారు. మాకు తెలిస్తే ఇంకెందుకు మట్టి పోస్తామని దాచారు.

నాకు సిగ్గేసింది. కానీ నా బుర్ర సిగ్గుతో ఊరుకునేది కాదు. మిషన్ లేకపోతే మరి చిల్లు ఎందుకు పెద్దదవుతోంది? నియమం పక్కన పెట్టి, ఒక్కదాన్నే షెడ్డు తెరిచి బకెట్ చెవి ముందు కూర్చున్నాను. వెర్నియర్ తీసి గాటు దగ్గర పెట్టాను. తర్వాత, జన్మలో మొదటిసారి, గాటు వదిలేసి అడ్డంగా కొలిచాను. ఏటవాలుగా కొలిచాను. నోటి దగ్గర, లోపల, అవతలి అంచున కొలిచాను.

బకెట్ మట్టిని ఎప్పుడూ ఒక వైపే లాగుతుంది. వదులు బుష్‌తో దొంగచాటుగా తవ్వి ఉంటే చిల్లు కోడిగుడ్డులా ఒక పక్కకి సాగాలి. ఇది సాగలేదు, అన్ని వైపులా సమానంగా గుండ్రంగా పెరిగింది. మేం సుత్తి వేసే వైపు నోరు వెడల్పుగా ఉంది, లోపలికి పోయేకొద్దీ ఇరుకు. గోడ మీద పొడుగునా గీతలు, బుష్ వచ్చిపోయిన దారి. రోజూ కొట్టడం, రోజూ కాచడం, రోజూ పీకడం. ఆ చిల్లుని తిన్నది మేమే, నేనూ పేరయ్యా, ఒడంబడిక చెప్పినట్టే. తన్నుకోకూడదని ఒక్కచోటే కొలిచాం కాబట్టి అది గుండ్రంగా పెరుగుతోందని ఇన్నేళ్ళూ ఒక్కరూ చూడలేదు.

ఒక్కరూ చూడలేదని కాదు. ఒకాయన చూశాడు.

నమోదు 51

కొట్టు కిటికీ దగ్గరికి వెళ్ళాను. పేరయ్య చిరిగిన వల ఒకటి ఒళ్ళో పెట్టుకుని బాగుచేస్తున్నాడు. మా వల!

"పీకడం వల్లే అరుగుతోందని మీకు తెలుసు," అన్నాను.

"తెలుసు."

"గ్రీజు?"

"జారుడుంటే దెబ్బలు తగ్గుతాయని రాశాను."

"మరి చెప్పరేంటండీ! నోరు లేదా? సరిగ్గా చెప్పి ఉంటే..."

"చెప్పాను కదమ్మాయ్." ఆయన దారం కొరికాడు. "బుష్ లోపలే ఉంచమని పడమటోడు అడిగితే తూర్పోళ్ళు ఏమనుకుంటారు? నువ్వేమనుకున్నావో అదే. నీ మొహం చూసి సగంలో ఆపేశాను."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది, రెండిట్లో ముందు కోపమే బయటికొచ్చింది. వర్ధనమ్మ గారి దగ్గరికి పోయి కొలతలు చెప్పాను, పడవల సంగతి చెప్పాను. ఆవిడ అంతా విన్నారు.

"పోటు అయ్యాక మాట్లాడుకుందాం," అన్నారు.

"పోటు అయ్యాక మాట్లాడటానికి వాళ్ళుండరండీ."

"నీకు ఎండ తగిలింది. ఇంటికెళ్ళి పడుకో."

నేను ఇంటికి వెళ్ళలేదు. కోటిలింగం దగ్గరికి వెళ్ళాను. వాడు తల గోక్కున్నాడు.

"వర్ధనమ్మ గారు చంపేత్తారు."

"చంపితే నన్ను చంపుతారు. నువ్వు మిషన్ పంటు మీదకి ఎక్కించు చాలు."

"నీ బుష్ మళ్ళీ పగిలితే?"

"పగలదు. వెల్డింగ్ చేస్తాను."

వాడు నోరు తెరిచి నన్నే చూశాడు. వెల్డింగ్ అంటే ఇక పీకడం లేదని వాడికీ తెలుసు. చెప్పులు వేసుకున్నాడు. కొట్టు తాళం నేను గొడ్డలితో పగలగొట్టాను. పేరయ్య గడప దాటే ముందు, బాగుచేసిన వలని మడతపెట్టి మేకుకి తగిలించి వచ్చాడు.

నమోదు 52

చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి, అక్షరాలు వంకరపోతే పెద్దలు మన్నించాలి. మన్నించకపోయినా సరే.

చెవుల నోళ్ళు గ్రైండ్ చేసి శుభ్రం చేశాం. కొత్తగా తిప్పి తెచ్చిన బుష్షులు దించాక నేను వెల్డింగ్ రాడ్ పట్టుకున్నాను. పేరయ్య నా చెయ్యి పక్కకి తోశాడు.

"నేను చేసినట్టు రాయమ్మాయ్. నువ్వు బతకాల్సిన గట్టు అది."

"తోయకండి. ఒక చెవి మీరు, ఒక చెవి నేను."

అలాగే చేశాం. ఆయన అతుకు నాదానికన్నా నున్నగా వచ్చింది, ఒప్పుకుంటాను. పిన్ను ఎక్కించి కోటిలింగం బకెట్ ఆడించి చూపించాడు. కటకటమనే చప్పుడు లేదు. ఇన్నేళ్ళలో ఆ మిషన్ చప్పుడు చేయకుండా వంగడం నేను చూడలేదు.

సాయంత్రం గంట మోగింది. మిషన్ తిరిగి వచ్చేయాల్సిన గంట. కోటిలింగం నా వైపు చూశాడు, నేను గట్టు వైపు చూశాను, వాడు ఇంకో బకెట్ మట్టి ఎత్తాడు. బకెట్ బిగించిన ప్రొక్లెయినర్‌ని పడమటి గట్టు మీదే ఉంచేశాను. ఏ ఒడంబడికలోనైనా దీనికి పేరు ద్రోహమే.

పోటు వచ్చింది. గట్టు అంచుకి జానెడు కింద ఆగింది. మా గట్టు దగ్గర కూడా అంతే అని తర్వాత తెలిసింది. పోటు ఉన్నంతసేపూ ఆ మిషన్ వాళ్ళ చేతికి అందేటంత దూరంలో ఉంది. కేబిన్లో కోటిలింగం గురకపెట్టి నిద్రపోయాడు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఒక ముసలమ్మ మాత్రం వచ్చి వాడి మీద దుప్పటి కప్పి వెళ్ళింది. నిజం చెప్పాలంటే ఆమె కేబిన్ ఎక్కుతుంటే నా చెయ్యి సుత్తి మీదకి పోయింది. అంత తొందరగా పోయే జబ్బు కాదు ఇది.

నమోదు 53

రెండు గట్ల పెద్దలూ ఏటి మధ్య పంటు మీద కూర్చున్నారు. నన్నూ పేరయ్యనూ నిలబెట్టారు. తిడతారనుకున్నాను, తిట్టలేదు. పోటు తప్పిందని అందరి మొహాల్లోనూ అలసట ఉంది.

వర్ధనమ్మ గారు గొంతు సవరించుకున్నారు.

"అయిందేదో అయింది. ఆ వెల్డింగ్ కోసేసి బుష్షులు పెట్టెలో పెట్టండి. రేపట్నుంచి మామూలే."

పడమటి పెద్ద వెంటనే తలూపాడు. "అదే మంచిది. మీ మనిషి అంత ఇదిగా అతికించిందంటే, మాకూ ఏదో గుబులుగానే ఉంది."

రెండు గట్లూ ఒక్క మాట మీద నిలబడటం నేను చూడటం ఇదే మొదలు.

చిల్లులు ఎలా అరుగుతున్నాయో చెప్పాను. ఇలాగే పీకుతూ పోతే చెవులే తెగిపోతాయని, వచ్చే పోటుకి ఒక్క బకెట్ కూడా మిగలదని చెప్పాను. విన్నారు. ఎవరో ఆవలించారు. పేరయ్య నా పక్కనే నీళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు.

"మీరూ చెప్పండి," అన్నాను మెల్లగా.

"నా మాట చెల్లదమ్మాయ్. నువ్వే అడుగు."

అడిగాను. ఆయన నన్ను అడిగిన మాటే, అదే వరసలో నా నోటి నుంచి వచ్చింది. "రోజూ పీకడం మానేద్దామండీ. చెవిలోనే ఉండనిద్దాం."

వర్ధనమ్మ గారు తల కొంచెం పక్కకి వంచి, కళ్ళు చిన్నవి చేసి నన్ను చూశారు. "ఎందుకు రత్నం?" అని, గొంతు చాలా మామూలుగా పెట్టి అడిగారు.

ఆ గొంతు నాకు తెలుసు. ఇక ఏం చెప్పినా ఆవిడకి వినిపించదనీ తెలుసు. "ఏం లేదండీ, చేతులు నొప్పెట్టి అన్నాను," అనాలని నాలుక చివరిదాకా వచ్చింది.

అనలేదు. మొదటి కొలత నుంచి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాను.